ముప్పై నోటుపుస్తకాల్లో ఒకే పండుగ

నాలుగో తరగతి తెలుగు నోటుపుస్తకాలు ముప్పై తెచ్చి బల్ల మీద పరిస్తే, ఆ బడి రాతను ఎలా చూస్తోందో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. ‘మీ ఊరి పండుగ గురించి రాయండి’ అన్న ప్రశ్న కింద ముప్పై పుస్తకాల్లోనూ అవే ఆరు వాక్యాలు అదే వరుసలో ఉంటే, అక్కడ జరిగింది నకలు, రచన కాదు. తిరుపతి గంగజాతరలో బైరాగి వేషం కట్టి వీధుల్లో తిరిగిన పిల్లవాడి పుస్తకంలోనూ, ఆ వారమంతా అమ్మమ్మగారి ఊళ్లో గడిపిన పిల్ల పుస్తకంలోనూ ‘మా ఊరిలో సంక్రాంతి పండుగను ఘనంగా జరుపుకుంటారు’ అనే ఉంటుంది. ఆ వాక్యంలో తప్పు ఒక్కటీ లేదు. రాసిన పిల్లలు మాత్రం అందులో ఎక్కడా కనిపించరు.

ఇది మారాలంటే బడి మొత్తానికి ఒకే రాత పాఠ్యక్రమం, అంటే రాయడం నేర్పే ఒకే ప్రణాళిక, ఉండాలన్న ఆలోచన మంచిది. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా ఒక తీరు ఉంటే పిల్లలు ఏటా కొత్త పద్ధతికి అలవాటు పడనక్కరలేదు. కానీ ఏ కంపెనీ పుస్తకాలు తెప్పించాలన్న చర్చతో మొదలుపెడితే అసలు పని వెనకబడుతుంది. నకలు ఎక్కడ ఆగాలి, రచన ఎక్కడ మొదలవ్వాలి అన్నది ఉపాధ్యాయులంతా కూర్చుని తేల్చుకోని బడిలోకి ఎంత మంచి పాఠ్యక్రమం వచ్చినా రెండు నెలల్లో బోర్డు మీది జవాబుగా మారిపోతుంది. పిల్లలు దాన్ని కూడా చక్కగా ఎక్కించుకుంటారు.

ఈ నకలు ఉపాధ్యాయుల బద్ధకం వల్ల పుట్టింది కాదు. నలభై మంది ఉన్న తరగతిలో ప్రతి బిడ్డా సొంతంగా ఆరు వాక్యాలు రాస్తే, ఒక్కొక్కటి చదివి దిద్దడానికి రెండు నిమిషాలు పట్టినా ఎనభై నిమిషాలు కావాలి. అంటే రెండు పీరియడ్లు. అదే నలభై పుస్తకాల్లో ఒకే జవాబు ఉంటే కన్ను పైనుంచి కిందికి జారుతుంది, టిక్కు పడుతుంది, సంతకం పడుతుంది, కట్ట పక్కకు వెళ్లిపోతుంది. తనిఖీకి వచ్చినవారు చూసేది పుస్తకాలు దిద్దారా లేదా అని. ఇంట్లో చూసేది దస్తూరి బాగుందా, ఎర్ర సిరా తక్కువగా ఉందా అని. ఒకేలా ఉన్న నోటుపుస్తకం అందరికీ అనుకూలం, ఒక్క బిడ్డకు తప్ప. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో అరవై మంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులను నిర్దేశించింది. ఆ ఇద్దరూ ఐదు తరగతులను పంచుకునే పల్లె బడిలో ఈ ఒత్తిడి ఇంకా ఎక్కువ.

దీనికితోడు లెక్కపెట్టేవన్నీ చదవడం చుట్టూనే ఉన్నాయి. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసే సర్వే ఆధారంగా 2005 నుంచి వస్తున్న అసర్ నివేదికలు పిల్లలు చదవడాన్ని, లెక్కలను పరీక్షిస్తాయి. 2021 జులైలో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్, మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. ఆ అంకె బడి గోడ మీదికి ఎక్కుతుంది. బిడ్డ సొంతంగా రాసిన మూడు వాక్యాలకు అలాంటి అంకె లేదు కాబట్టి, వాటి కోసం ఎవరూ అడగరు.

లిపి సంగతి కూడా చెప్పుకోవాలి. అక్షరాలు యాభై ఆరు అని అనుకున్నా, బిడ్డ చేతికి రావలసిన రూపాలు వందల్లో ఉంటాయి. ప్రతి హల్లుకూ గుణింతం, ప్రతి హల్లుకూ ఒత్తు, ఒత్తు ఉన్న అక్షరానికి మళ్లీ గుణింతం. ‘క’ ఒత్తు తలకట్టు లేని ‘క’లాగే ఉంటుంది, ‘త’ ఒత్తుకూ ‘త’కూ పోలికే కనిపించదు. చెయ్యి తిరగాలంటే చూచిరాత కావాలి, విన్నది రాయడానికి డిక్టేషన్ కావాలి. వాటిని తీసేయమనడం అజ్ఞానం. ఇబ్బంది అంతా వరుసలో ఉంది. ముందు అక్షరాలన్నీ, తరువాత గుణింతాలు, ఒత్తులు, పదాలు, వాక్యాలు, చిట్టచివర సొంత మాట అన్న వరుసలో, సొంత మాట వంతు వచ్చేసరికి మూడో తరగతో నాలుగో తరగతో అవుతుంది. అప్పటికి బిడ్డ మనసులో రాయడమంటే చూసి ఎక్కించడమే అన్న అర్థం గట్టిపడిపోయి ఉంటుంది. తెలుగు లిపికి దగ్గరి చుట్టమైన కన్నడంలోనూ, మరాఠీలోనూ పిల్లలు చదవడం, రాయడం ఎలా నేర్చుకుంటారో కొన్నేళ్లపాటు గమనించి 2017లో వెలువడిన లిరిల్ అధ్యయనం కూడా ఈ చిక్కునే చూపింది. అక్షరాలు పూర్తిగా పట్టుబడడానికి ఒక ఏడాది చాలదు. అవి వచ్చేదాకా ఆలోచనతో కూడిన రాతను ఆపి ఉంచితే పిల్లలకు రెండూ సరిగా అందవు.

ఒకటో తరగతి బిడ్డ బొమ్మ గీసి, ఇది మా ఆవు, నిన్న ఈనింది అని చెబుతుంది. ఉపాధ్యాయురాలు ఆ మాటను బొమ్మ కింద రాసి చదివి వినిపిస్తుంది. మరుసటి నెల ఆ బిడ్డే ‘ఆవు’ అని రాస్తుంది, మిగతాది ఉపాధ్యాయురాలు పూర్తిచేస్తుంది. అక్షరాలు నేర్పే పని ఒకవైపు, సొంత మాటను కాగితం మీద పెట్టే పని ఇంకోవైపు ఒకేసారి నడుస్తాయి. మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం 2022లో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం మౌఖిక భాష, పదాల గుర్తింపు, చదవడం, రాయడం అనే నాలుగు భాగాలకూ రోజూ చోటు ఇవ్వాలని చెప్పడంలో ఉద్దేశం ఇదే. ఒకటి ముగిశాక ఇంకొకటి అని అది చెప్పలేదు.

బడుల ముందుకు వచ్చే ప్రత్యామ్నాయాలు ప్రధానంగా మూడు రకాలు. మొదటిది కాపీ పుస్తకాల కట్ట. నాలుగు గీతల పుస్తకాలు, కలిపిరాత ఇంగ్లీషు, చుక్కల మీద దిద్దే తెలుగు అక్షరాలు. దీన్ని రాత పాఠ్యక్రమం అనడం సరికాదు. అది దస్తూరి సాధన, దాని చోటు రోజుకు పది పదిహేను నిమిషాలు.

రెండోది పాఠ్యపుస్తకంలోనే ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2011 రాష్ట్ర విద్యాప్రణాళికా చట్రం తరువాత వచ్చిన తెలుగు వాచకాల్లో ‘స్వీయరచన’, ‘సృజనాత్మకత’ అన్న సామర్థ్యాలు విడిగా కనిపించాయి. ఏడాది పొడవునా విడతలుగా జరిగే ఫార్మేటివ్ మదింపులో ‘రాత పనులు’ అని ఒక అంశమే పెట్టారు. ఆలోచన చాలా మంచిది. కానీ స్వీయరచన ప్రశ్నలకు కూడా జవాబులు అచ్చువేసిన గైడ్లు బజారులోకి వచ్చాయి. సొంతంగా రాయమన్న ప్రశ్నకు అచ్చు జవాబు ఎక్కించుకున్న నోటుపుస్తకాన్ని చూస్తే, కాగితం మీద సంస్కరణ ఎంత తేలిగ్గా ఓడిపోతుందో తెలుస్తుంది. అయినా ప్రభుత్వ బడికి తన పాఠ్యక్రమాన్ని తానే ఎంచుకునే వీలు తక్కువ కాబట్టి, దాని దారి ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఉన్న స్వీయరచన ప్రశ్నలను నిజంగా స్వీయరచనగా నడపడమే ఒక పాఠ్యక్రమం అవుతుంది.

మూడోది పెద్ద ఫీజుల బడులు తెప్పించుకునే విదేశీ నమూనా. రచనా కార్యశాల పేరుతో అమెరికాలో 1980ల నుంచి వ్యాపించిన పద్ధతిలో పిల్లలే అంశాన్ని ఎంచుకుంటారు, చిత్తుప్రతి రాస్తారు, ఉపాధ్యాయురాలు ఒక్కొక్కరితో కూర్చుని మాట్లాడుతుంది, తిరగరాస్తారు, తోటివారికి చదివి వినిపిస్తారు. ఇందులో నేర్చుకోవలసింది చాలా ఉంది. దాన్ని ఎక్కువగా ప్రచారం చేసిన కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీ ప్రాజెక్టు చదవడం నేర్పే తీరుపై పెద్ద విమర్శలు ఎదుర్కొని 2023లో మూతపడింది. పునాది నైపుణ్యాలను విడమరిచి నేర్పకపోతే స్వేచ్ఛ ఒక్కటే చాలదన్నది ఆ విమర్శల్లో ముఖ్యమైన మాట. అది రాతకూ వర్తిస్తుంది. పైగా ఆ పద్ధతి తరగతిలో గ్రంథాలయం ఉందనుకుంటుంది, ఇరవై ఆరు అక్షరాల లిపిని అనుకుంటుంది. పుత్తూరు దగ్గరి ఇద్దరు ఉపాధ్యాయుల బడికి దాన్ని యథాతథంగా దించడం కుదరదు.

ఈ చిత్తూరు, తిరుపతి ప్రాంతానికి సొంతమైన అనుభవం ఒకటి ఉంది, దాన్ని మరిచిపోవడం బాధ కలిగిస్తుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో గ్రామీణ విద్యా కేంద్రం 1980ల నుంచి చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపి, వేర్వేరు తరగతుల పిల్లలు ఒకే గదిలో ఎవరి వేగంతో వారు నేర్చుకునే పద్ధతిని తయారుచేసింది. కార్డులు, నేర్చుకునే మెట్లను చూపే నిచ్చెన, స్థానిక కథలు, పాటలు దానికి ఆధారం. కర్ణాటకలో ‘నలి కలి’, తమిళనాడులో కృత్యాధార బోధన ఇక్కడి నుంచే ప్రేరణ పొందాయి. పొరుగు రాష్ట్రాలు వచ్చి చూసి పట్టుకెళ్లిన పని ఇది. రాత పాఠ్యక్రమం వెతికే బడి దీని నుంచి నేర్చుకోవలసింది ముఖ్యంగా తయారీ విధానాన్ని. కార్డుల్లో ఏముండాలో ఆ పల్లెల పిల్లలను, వారి కథలను చూసి నిర్ణయించారు.

అయితే ఎంపిక ఎలా చేయాలి? అమ్మేవారి ప్రదర్శన చూసి కాదు. ఏ పాఠ్యక్రమం నుంచైనా ఒక వారం పాఠాలు తీసుకుని, రెండో తరగతిలోనూ నాలుగో తరగతిలోనూ నడిపి చూడాలి. వారం చివర ఆ పుస్తకాలను బల్ల మీద పరవాలి. అన్నీ ఒకేలా ఉంటే ఆ పాఠ్యక్రమం వద్దు. వేర్వేరుగా ఉండి, సగం పుస్తకాలు ఖాళీగా ఉంటే అందులో బోధన చాలలేదని అర్థం. పిల్లలకు స్వేచ్ఛ ఇచ్చి ఎలా మొదలుపెట్టాలో చూపలేదు. వేర్వేరుగా ఉండి, వెనకబడిన బిడ్డ పుస్తకంలోనూ తనదైన రెండు వాక్యాలు ఉంటే, అప్పుడు ధర అడగవచ్చు.

పాఠంలో వాక్యం నేర్పడం ఉందా అన్నది కూడా చూడాలి. ‘వాన పడింది’, ‘టమోటాలు కుళ్లిపోయాయి’ అన్న రెండింటిని ‘వాన పడడంతో టమోటాలు కుళ్లిపోయాయి’ అని కలపడం, ‘ఎందుకంటే’, ‘అయినా’, ‘దాంతో’ వంటి మాటలతో వాక్యాన్ని పెంచడం చిన్న పనిలా కనిపిస్తుంది. పిల్లల ఆలోచన సాగేది ఆ చిన్న మాటల మీదే. వాక్యాలు కలిపే సాధన రాత నాణ్యతను పెంచుతుందని, విడిగా నేర్పే వ్యాకరణం అంతగా పనిచేయదని, నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా జరిగిన పరిశోధనలను కూర్చి 2007లో అమెరికాలో వచ్చిన సమీక్ష చెప్పింది. అక్కడి విద్యాశాఖ పరిశోధనా సంస్థ 2012లో ప్రాథమిక తరగతులకు ఇచ్చిన మార్గదర్శి ఒకటో తరగతి నుంచి రోజుకు గంట రాతకు కేటాయించాలంది. గంట అనగానే ఇక్కడి టైంటేబుల్ చూసి భయపడనక్కరలేదు. అందులో ఇతర పాఠాల్లో రాసేది కూడా కలుస్తుంది. పరిసరాల విజ్ఞానంలో మామిడి మొలక వారంలో ఎంత పెరిగిందో కొలిచి రెండు వాక్యాలు రాసినా అది రాతే. ఐదు తరగతులూ ఒకే గదిలో ఉన్న బడికి రాత నిజానికి మంచి సాయం. ఉపాధ్యాయుడు ఒకటో తరగతికి అక్షరాలు చెబుతున్న అరగంటలో నాలుగు, ఐదు తరగతుల పిల్లలు తమ చిత్తుప్రతి మీద పని చేసుకోగలరు.

తరగతి పెరిగేకొద్దీ రాత రకం కూడా మారాలి. రెండో తరగతిలో జరిగింది చెప్పడం చాలు. మూడో తరగతి బిడ్డ దోసె ఎలా పోస్తారో వరుస తప్పకుండా రాయగలగాలి. చిత్తూరు పల్లెల్లో ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం విన్న పిల్లలకు, చివరి రోజు నేల మీద పరిచిన దుర్యోధనుడి మట్టి బొమ్మను చూసిన పిల్లలకు కథను తిరిగి చెప్పడం ఎవరూ నేర్పనక్కరలేదు. దాన్ని మొదలు, మధ్య, ముగింపుగా కాగితం మీద పెట్టడం నాలుగో తరగతిలో నేర్పాలి. వీధి కుళాయి గురించి పంచాయతీకి ఉత్తరం రాయడం, దానికి కారణాలు చూపడం ఐదో తరగతి పని. ఏ రకమైనా ముందు మాట్లాడించాలి. నోటితో చెప్పలేనిది పిల్లల చేతికి రాదు.

ఇక్కడి పిల్లల ఇళ్లలో భాష ఒకటే కాదు. నగరి, సత్యవేడు వైపు తమిళం మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి. తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. గూడూరు, శ్రీకాళహస్తి ప్రాంతాల బడుల్లో యానాది పిల్లలు ఉన్నారు. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకటే అక్షరం, త, ద రెండింటికీ ఒకటే. అలాంటి ఇంటి నుంచి వచ్చిన బిడ్డ ‘గాలి’ని ‘కాలి’ అని రాస్తే అది అజాగ్రత్త కాదు, దానికో కారణం ఉంది. ఉర్దూ ఇంటి బిడ్డ ‘ళ’ బదులు ‘ల’ రాయడం కూడా అలాంటిదే. ఈ కారణాలను ఉపాధ్యాయుడికి చెప్పే ఒక్క పేజీ పాఠ్యక్రమంలో ఉంటే ఎంతో మంది పిల్లలు మొద్దులన్న ముద్ర నుంచి బయటపడతారు.

తెలుగు ఇంటి బిడ్డకు ఇంకో రకం దెబ్బ తగులుతుంది. ‘మా నాయన కయ్యలో మడక దున్నాడు, మేము చెనిక్కాయలు ఏరాము’ అని రాస్తే కయ్యను పొలంగా, మడకను నాగలిగా, చెనిక్కాయలను వేరుశనగ కాయలుగా మార్చి మూడు ఎర్ర గీతలు పడతాయి. మరునాటి నుంచి ఆ బిడ్డ కయ్య సంగతి రాయడు. మొదటి మూడు తరగతుల్లో ఊరి మాటలను తప్పుగా దిద్దకూడదన్నది బడి నియమంగా ఉండాలి. నాలుగో తరగతి నుంచి ‘మనం కయ్య అంటాం, పుస్తకంలో పొలం అని కూడా ఉంటుంది’ అని రెండు మాటలనూ పక్కపక్కన నేర్పవచ్చు. ఏటా ఆగస్టు 29న బడుల్లో గిడుగు రామమూర్తి పటానికి దండ వేస్తారు. 1910ల నాటి వ్యావహారిక భాషా వివాదంలో పెద్ద భాగం, బడి పిల్లలు వ్యాసం ఏ తెలుగులో రాయాలన్న ప్రశ్నే. ఆ దండ వేసిన చేత్తోనే కయ్యను కొట్టివేయడం న్యాయం కాదు.

దిద్దే తీరు తేలకుండా పాఠ్యక్రమం ప్రవేశపెట్టకూడదు. ఉపాధ్యాయుడు మొదట చదవాలి, తరువాత ఆ వారం నేర్పిన ఒక్క అంశాన్నే దిద్దాలి. ఆ వారం వాక్యం చివర చుక్క నేర్పితే చుక్కలే. మిగతా తప్పులు గమనించి, తరువాతి వారం ఏం నేర్పాలో వాటి నుంచి తీసుకోవాలి. నలభై మందినీ రోజూ దిద్దడం అసాధ్యం కాబట్టి రోజుకు ఎనిమిది మంది పుస్తకాలు చూస్తే ఐదు రోజుల్లో తరగతి పూర్తవుతుంది. ఆ ఎనిమిది మందితో ఒక్కో నిమిషం మాట్లాడడం నలభై టిక్కులకంటే ఎక్కువ నేర్పుతుంది. ప్రధానోపాధ్యాయుడు ఈ లెక్కను ముందే ఒప్పుకుని, దిద్దని పేజీ కనిపిస్తే ఉపాధ్యాయుడిని నిలదీయనని మాట ఇవ్వాలి. ఆ మాట లేకపోతే ఎవరూ ధైర్యం చేయరు.

ప్రవేశపెట్టే వేళ కూడా ముఖ్యం. జూన్‌లో బడి తెరిచిన వారమే అన్ని తరగతుల్లో మొదలుపెడితే పుస్తకాల పంపిణీ, చేరికల హడావిడిలో అది కొట్టుకుపోతుంది. జూన్, జులైలలో ఉపాధ్యాయులు మాత్రమే పని చేయాలి. నెలకు రెండుసార్లు గంటసేపు కూర్చుని పిల్లల కాగితాలు చదవాలి. పాఠ్యక్రమం పుస్తకం తెరవనవసరం లేదు. ఒకటో తరగతి ఉపాధ్యాయురాలు ఐదో తరగతి కాగితాలు చదివినప్పుడు తాను నాటింది ఎటు పోయిందో కనిపిస్తుంది, ఐదో తరగతి ఉపాధ్యాయుడికి ఒకటో తరగతి బొమ్మల్లో ఎంత చెప్పాలన్న ఆరాటం ఉందో కనిపిస్తుంది. చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశాల్లో కూడా ఒక గంట ఇందుకు ఇవ్వవచ్చు. ఒక్కరోజు శిక్షణతో, ప్రొజెక్టరు మీద పరుగెత్తే స్లైడ్లతో ఈ పని జరగదు. ఆగస్టు నుంచి అన్ని తరగతుల్లో వారానికి మూడు రోజులు సొంత రాత మొదలుపెట్టి, రెండో ఏడాదికి దాన్ని రోజువారీ చేస్తే బడి తట్టుకుంటుంది.

ఇంగ్లీషు మాధ్యమం సంగతి ఇక్కడ తప్పదు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు అన్న బిడ్డను మొదటినుంచే ఇంగ్లీషులో సొంతంగా రాయమంటే తెలిసిన పది మాటల్లోనే ఆలోచన ఇరుక్కుంటుంది. నకలుకు ఇంతకంటే బలమైన కారణం లేదు. ఏం చెప్పాలో ఎంచుకోవడం, వరుస పెట్టడం, తిరగరాయడం తెలుగులో నేర్చుకుంటే ఇంగ్లీషుకూ వెంట వస్తాయి. అక్షరక్రమం మాత్రం దేనికది విడిగా నేర్చుకోవలసిందే. 2020 జాతీయ విద్యా విధానం వీలున్నచోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధన ఉండాలని చెప్పింది. మాధ్యమం ఏదైనా మొదటి మూడేళ్లు సొంత రాత తెలుగులో మొదలవడానికి ఏ ఉత్తర్వూ అడ్డు రాదు.

తల్లిదండ్రులు మొదట కంగారుపడతారు, అది సహజం. తప్పులున్న పేజీ మీద టిక్కు చూసి బడికి వచ్చి అడుగుతారు. వారికి సిద్ధాంతం చెప్పడం కంటే రెండు కాగితాలు చూపడం మేలు. వారి బిడ్డే జులైలో రాసింది ఒకటి, నవంబరులో రాసింది ఇంకొకటి. చదువు రాని తల్లికి ఆ రెండూ చదివి వినిపించాలి. తన ఇంటి సంగతి, తన ఆవు సంగతి బిడ్డ నోట బడిలో వినబడితే, ఆ తల్లికి దస్తూరి గురించి ఇంకేమీ చెప్పనక్కరలేదు.

ప్రభుత్వ బడిలో ఉపాధ్యాయులు బదిలీ అవుతారు, ప్రైవేటు బడిలో ఏడాది మధ్యలో మానేస్తారు. పాఠ్యక్రమం ఒక ఉత్సాహవంతుడైన ఉపాధ్యాయుడి మీద ఆధారపడితే ఆయనతోనే వెళ్లిపోతుంది. అది నిలవాలంటే ప్రతి బిడ్డకూ ఒక అట్టల ఫైలు ఉండాలి. జులై, నవంబరు, మార్చి నెలల్లో రాసిన ఒక్కో కాగితం తేదీ వేసి, దిద్దకుండా, అందులో పెట్టాలి. ఏడాదికి మూడు, ఐదేళ్లకు పదిహేను. కొత్త ఉపాధ్యాయుడు జూన్‌లో ముందుగా తెరవవలసింది ఆ ఫైలు. మొదటి కాగితంలో ఒక బొమ్మ, దాని కింద ఉపాధ్యాయురాలి చేతిరాతలో ‘ఆవు ఈనింది’. ఐదో తరగతి ముగిసి బిడ్డ ఉన్నత పాఠశాలకు వెళ్లే రోజున, టీసీతో పాటు ఆ పదిహేను కాగితాలనూ ఆ చేతికే ఇవ్వాలి.